11 టిక్కులకు ఒక డిగ్రీ

అంబాసిడర్ కారు బానెట్ కింద కొన్ని దశాబ్దాల పాటు నడిచింది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబం దానిది. ఆ కుటుంబపు ఇంజన్లే ఉన్న పాత మారిస్, ఎం.జి. కార్లలో ప్లగ్గులకు రవ్వ పంచే లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ ఒకటి ఉండేది. దాని పక్కనే వేళ్లతో తిప్పే చిన్న నట్టు. చుట్టూ సన్నటి గరుకు గీతలు. తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. అలాంటి 11 టిక్కులకు ఇగ్నిషన్ టైమింగ్, అంటే రవ్వ పుట్టే క్షణం, ఒక్క డిగ్రీ జరుగుతుంది. ఎటు తిప్పితే ముందుకో ‘ఏ’ అక్షరం, ఎటు తిప్పితే వెనక్కో ‘ఆర్’ అక్షరం చెబుతాయి. కంటికి కనిపించని క్షణాన్ని వేళ్లకూ చెవికీ అందించిన ఈ పనితనం చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఒక్క డిగ్రీకి అంత విలువెందుకు? పిస్టన్ పైకొస్తూ గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని నొక్కుతున్నప్పుడు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. మిశ్రమం అంతా ఒక్కసారే అంటుకోదు. మంట ప్లగ్గు దగ్గర మొదలై సిలిండరంతా పాకాలి. అందుకు రెండు మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. నిమిషానికి 800 చుట్ల మీద ఆలోగా క్రాంక్ షాఫ్ట్ పది డిగ్రీల లోపే తిరుగుతుంది. 3000 చుట్ల మీదైతే 36 డిగ్రీలు తిరిగిపోతుంది. పిస్టన్ పై కొస దాటి దాదాపు 15 డిగ్రీలు దిగేసరికి ఒత్తిడి పతాక స్థాయికి చేరాలి. ఉయ్యాల వెనక్కొచ్చి మళ్లీ ముందుకు కదలబోయే క్షణాన తోసినట్టే ఇదీ: తొందరపడితే అది మన చేతుల్నే కొడుతుంది, ఆలస్యమైతే తోపు వృథా.

అందుకే వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుగా పడాలి. డిస్ట్రిబ్యూటర్ ఆ లెక్కను ఇనుముతోనే కట్టేసింది. అడుగున రెండు చిన్న బరువులు, వాటిని పట్టుకుని రెండు స్ప్రింగులు ఉంటాయి. షాఫ్ట్ వేగం అందుకోగానే బరువులు విచ్చుకుని క్యామ్‌ను కాస్త ముందుకు తిప్పుతాయి. పక్కనున్న డయాఫ్రమ్ కార్బురేటర్ వైపు నుంచి వాక్యూమ్ అందుకుని, కారు తేలిగ్గా సాగుతున్నప్పుడు మరికొంత ముందుకు జరుపుతుంది. ఆ సమయంలో సిలిండర్‌లోకి చేరే మిశ్రమం తక్కువ, అది నెమ్మదిగా కాలుతుంది కనుక. మనం ఇంటి దగ్గర చేసేదల్లా ఈ లెక్కకు మొదలు ఎక్కడో సరిగ్గా నిలబెట్టడమే.

పని పాయింట్లతో, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో క్యామ్ తెరిచే చిన్న స్విచ్చుతో మొదలవ్వాలి. ఫీలర్ గేజ్ పెట్టి సందు చూడాలి. ఈ లూకాస్ రకానికి అది 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. సందు పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ కూడా దాంతోపాటే కదులుతుంది. కాబట్టి సందు సరిచెయ్యకుండా టైమింగ్ పట్టుకుంటే రెండోసారి చెయ్యాల్సిందే. తర్వాత టిక్కుల నట్టును మధ్యకు తెచ్చి, ఇంజన్‌ను అది తిరిగే దిక్కులోనే చేత్తో తిప్పుతూ పుల్లీ మీది గుర్తును మాన్యువల్ చెప్పిన డిగ్రీ దగ్గర ఆపాలి. దాటిపోతే వెనక్కి లాగకూడదు. టైమింగ్ చైన్‌లోని వదులు లెక్కను చెడగొడుతుంది. మళ్లీ చుట్టు తిప్పుకుని రావాలి. గుర్తు ఒక పూర్తి ఆవృతంలో రెండుసార్లు ఎదురవుతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరిగే రోటర్ ఒకటో సిలిండర్ వైరు వైపు చూస్తున్నదే మనకు కావలసినది.

ఇప్పుడు 12 వోల్టుల బల్బు. ఒక వైరు డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే సన్న వైరు చివరన, రెండోది ఇంజన్ ఇనుము మీద. ఇగ్నిషన్ ఆన్ చేసి, క్లాంప్ బోల్టు కొద్దిగా వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్ బాడీని రోటర్ తిరిగే వైపు బల్బు ఆరేదాకా జరపాలి. ఆ తర్వాత ఎదురు దిక్కుకు మెల్లగా తేవాలి. బల్బు వెలిగిన చోటే పాయింట్లు విడిపోయిన చోటు, అంటే రవ్వ పుట్టే చోటు. పని కాగానే ఇగ్నిషన్ కట్టెయ్యాలి. ఇంజన్ ఆగి పాయింట్లు కలిసి ఉంటే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

రవ్వ పడిన ప్రతిసారీ మెరిసే టైమింగ్ లైట్ దీనికి పరీక్ష. ఒకటో ప్లగ్గు వైరుకు దాని క్లిప్పు తగిలించి, పుల్లీ గుర్తుకు సుద్ద రాసి, మాన్యువల్ చెప్పినట్టయితే వాక్యూమ్ గొట్టం తీసి మూసి, స్లో స్పీడులో చూస్తే తిరుగుతున్న గుర్తు ఒకచోట నిలబడినట్టు కనిపిస్తుంది. రేస్ చేస్తే నెమ్మదిగా జరగాలి. అక్కడక్కడ గెంతినా, ఊగిసలాడినా డిస్ట్రిబ్యూటర్ బుష్షో చైనో అరిగిందని అర్థం. ఒక్క వెలుగు ఇంత చెబుతుంది!

ఆ వెలుగులోనే పెద్ద ప్రమాదమూ ఉంది. తిరిగే ఫ్యాను కూడా ఆగినట్టో, బద్ధకంగా కదులుతున్నట్టో కనిపించవచ్చు. ఆ భ్రమలో చెయ్యి పెడితే వేళ్లు తెగుతాయి. అందుకే కొంగు, చున్నీ, గొలుసు, వాచీ, పొడుగు చేతుల చొక్కా ఏవీ దగ్గరకు రాకూడదు. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. ప్లగ్గు వైర్లలో వేల వోల్టులు ఉంటాయి, పేస్‌మేకర్ ఉన్నవారు దూరంగా ఉండాలి. మార్పు చెయ్యాలంటే ఇంజన్ ఆపి, చేసి, బోల్టు బిగించి, మళ్లీ స్టార్ట్ చేసి చూడాలి. బిగించేటప్పుడు బాడీ సన్నగా జరుగుతుంది కనుక బిగించాక మళ్లీ చూడక తప్పదు.

టైమింగ్ మరీ ముందుకు జరిగితే ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ వినిపిస్తుంది. అలా వదిలేస్తే పిస్టన్లు దెబ్బతింటాయి. హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసే బండి అయితే అది వెనక్కి తన్ని మణికట్టు విరగ్గొట్టవచ్చు. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోవాలని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే. టైమింగ్ వెనకబడితే పికప్ పోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, పెట్రోలు తాగుతుంది.

ఇవాళ్టి కార్లలో రవ్వ క్షణాన్ని క్రాంక్ సెన్సరూ కంప్యూటరూ తేలుస్తాయి, మనం తిప్పేందుకు నట్టు లేదు. డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బండి ఇంట్లో ఉన్నవారు మాత్రం దాని మాన్యువల్ సంపాదించి ఈ విద్య తప్పక నేర్చుకోవాలి. ఇంజన్ ఆపి ముట్టుకోవడం, ముందుకే తిప్పడం, బిగించాక మళ్లీ చూడటం: ఈ మూడూ వేళ్లను కాపాడతాయి, డిగ్రీనీ కాపాడతాయి. జాగ్రత్తా, కచ్చితత్వమూ ఒకే అలవాటులోంచి పుడతాయని ఇంత స్పష్టంగా చూపించే పని నేను మరొకటి ఎరగను.