అనుమతి లేని నేల: రెండు ఆఫ్రికా లఘుచిత్రములు

పరపాలనము గతించిన పిమ్మట దాని స్మృతి యెచట నిలిచియుండును? భవనములను, విగ్రహములను, భాషను చూపువారు పెక్కుమంది. పశ్చిమాఫ్రికా చలనచిత్ర చరిత్రలో తొలినాటివైన రెండు లఘుచిత్రములు మాత్రము దానిని అనుమతిపత్రమునందు చూపుచున్నవని నా యభిప్రాయము.

మొదటిది 1955 నాటి 'ఆఫ్రిక్ సుర్ సేన్'. సేన్ నదిపై ఆఫ్రికా యని దాని యర్థము. పోలిన్ సూమనూ వియేరా, మమదూ సార్ అనువారు మిత్రులతో గూడి దీనిని నిర్మించిరి. నిడివి 21 నిమిషములు. ఫ్రెంచి ఏలుబడిలోని ఆఫ్రికాలో చిత్రీకరణమునకు ప్రభుత్వానుమతి యావశ్యకమని 1934లో లవాల్ శాసనము విధించెను. ఆ యనుమతి వీరికి లభింపలేదు. స్వదేశమును చిత్రింపజాలని యా యువకులు పాలకుల రాజధానియైన పారిస్‌లో నివసించు ఆఫ్రికనులను చిత్రించిరి. ఆరంభమున నదిలో జలకమాడు పిల్లలు కొంతసేపు కనిపింతురు. పిదప నంతయు పారిస్ వీథులే. ఇందలి వ్యాఖ్యానము మిక్కిలి మెత్తనిదనియు, పాలకులను నిలదీయదనియు నాక్షేపము కలదు. అది కొంతవఱకు నిజమే. సౌభ్రాత్రమును గూర్చిన యా మాటలు నేడు విన్నపుడు నాకును చప్పగనే తోచినవి. కాని చలనచిత్రమును మాటలతోనే తూచుట సాహిత్యాధ్యాపకులమైన మాకు సహజమైన దోషము. వ్యాఖ్యాత యడుగని ప్రశ్నను మొదట కనిపించి మఱుగైన యా నది యడుగుచున్నది.

రెండవది 'బోరోమ్ సారెట్'. సెనెగల్ 1960లో స్వతంత్రమయ్యెను. ఉస్మాన్ సెంబెన్ 1963లో దీనిని నిర్మించెను. ఇరువది నిమిషముల యీ చిత్రమున కథ యనదగినది డకార్ నగరమందలి యొక గుఱ్ఱపుబండివాని దినచర్య మాత్రమే. మన భట్రాజులను తలపించు స్తుతిపాఠకుడొకడు వాని పూర్వుల పరాక్రమమును గానము చేయును. బండివాడు పొంగిపోయి నాటి సంపాదనమును వానికి సమర్పించును. పూర్వవైభవమును స్మరించుట యెల్లప్పుడు మేలనుకొను పరిశోధకులు ఈ ఘట్టమును శ్రద్ధగా చూడవలెను. ఇచట జ్ఞాపకమే కూటిని హరించినది. తరువాత నొక తండ్రి మృతశిశువుతో శ్మశానమునకు వచ్చును. పత్రములు సరిగా లేవని ద్వారమునొద్ద నడ్డగింతురు. బండివాడు శిశువును నేలపై నుంచి మరలిపోవును. సెంబెన్ ఇచట కన్నీటికి తావీయడు. ఆ నిగ్రహము నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది.

ధనికుల పేటయైన ప్లాటోలో గుఱ్ఱపుబండ్లకు ప్రవేశము నిషిద్ధము. చక్కని దుస్తులు ధరించిన యొకడు నమ్మబలుకగా బండివాడచటికి పోవును. రక్షకభటుడు పత్రములడుగును. వానిని తీయుచుండగా యుద్ధపతకము నేలబడును. భటుడు దానిపై పాదము మోపును. ఆ భటుడు తెల్లవాడు కాడు. 1955లో చిత్రకారులకు స్వదేశము మూసియుండెను. 1963లో బండివానికి స్వనగరమే మూసియున్నది. పైగా వాని మనోగతము మనకు ఫ్రెంచి భాషలోనే వినవచ్చును. దీనిని కొందఱు లోపమందురు. లోపమే కావచ్చును గాని, యా కాలమునకు సాక్ష్యముగా నది నిలిచినది.

బండి జప్తు చేయబడినది. వానిని తీసికొనిపోయినవాడు బాడుగ నీయక తొలగిపోయెను. బండివాడు గుఱ్ఱముతో మాత్రమే యిల్లు చేరును. భార్య బిడ్డను వాని చేతికిచ్చి, యీ రాత్రికి భోజనముండునని చెప్పి వెడలిపోవును. ఎచటికో చిత్రము చెప్పదు.