సంతకం వెనక సమ్మతి

బీకాం పిల్లలకు బిజినెస్ లా చెప్పే మాలో చాలామందిమి మొదటి రోజే బోర్డు మీద నిర్వచనాలు రాసేస్తాం. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం. పరీక్షకు అవి కావాలి, కాదనను. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఆ వయసు పిల్లలకు రేపు నిజంగా అక్కరకొచ్చేవి 13 నుంచి 19 వరకు ఉన్న సెక్షన్లని నా గట్టి నమ్మకం. ఒక మనిషి ‘సరే’ అంటే అది మనస్ఫూర్తిగా అన్నదేనా అని చట్టం ఆరా తీసేది అక్కడే. సెమిస్టరు హడావుడిలో గంటలో దాటించేసేదీ ఆ పాఠమే. నేను మాత్రం అక్కడ ఆగుతాను.

ముందు ప్రోనోటు చూపిస్తాను. స్టేషనరీ షాపులో దొరికే అచ్చు కాగితమే. పైకి చదవమంటాను. అక్షరాలా ఇన్ని రూపాయలు, నెలకు నూటికి ఇంత వడ్డీ, తమరు కోరినప్పుడు తమకు గానీ తమ అనుమతి పొందినవారికి గానీ చెల్లించగలవాడను. కింద రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం. వెనక్కి తిప్పితే ఖాళీ. చెల్లు రాసేది ఆ ఖాళీలోనే: ఫలానా తేదీన ఇంత ముట్టజెప్పాను అని, సంతకంతో సహా. నోటుకు గడువు మూడేళ్ళు. ఆ లోపల బాకీదారు కొంత కట్టి చెల్లు రాస్తే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి. ‘రెండొందలైనా సరే ఇచ్చి వెనక రాయమని మా నాన్న వెంటపడేది అందుకా మేడమ్?’ అంది ఒకమ్మాయి. అందుకే.

ఇక ఖాళీ నోటు సంగతి. అంకె వేయకుండా స్టాంపు మీద సంతకం పెట్టి ఇచ్చేస్తే, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం దాన్ని పూర్తి చేసుకునే అధికారం కూడా ఇచ్చినట్టే చూస్తారు. సంతకం నాదేనని ఒప్పుకున్నాక, డబ్బు ముట్టలేదని చూపించుకునే బరువు సంతకం పెట్టినవాడి మీదే పడుతుంది. ఇక్కడికొచ్చేసరికి పిల్లలు బెదురుతారు. బెదరాలి కూడా. సంతకం ఎంత బిగిస్తుందో తెలియనిదే, దాన్నుంచి బయటపడే దారి చెప్పినా తలకెక్కదు.

ఆ దారి చెప్పడానికి పాత మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటుంది, 1917 నాటిది. చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మ కేసు. మాట వినకపోతే ప్రాణం తీసుకుంటానని ఒక భర్త భార్యనూ కొడుకునూ బెదిరించి, తమదని వాళ్ళు చెప్పుకుంటున్న ఆస్తిని తన సోదరుడికి వదిలేస్తున్నట్టు విడుదల దస్తావేజు రాయించాడు. బెదిరింపు వాళ్ళ ప్రాణాలకు కాదు, తన ప్రాణానికే. ఇది బలవంతం కిందికి వస్తుందా? శిక్షాస్మృతి నిషేధించిన పని చేస్తానని బెదిరించడం బలవంతమే అంటుంది 15వ సెక్షన్. చనిపోయినవాణ్ణి శిక్షించలేం కనుక ఆత్మహత్యకు శిక్ష లేదు గానీ, అంతమాత్రాన నిషేధమే లేదనలేమని చీఫ్ జస్టిస్ వాలిస్, జస్టిస్ శేషగిరి అయ్యర్ తేల్చారు. జస్టిస్ ఓల్డ్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు. సెక్షన్‌ను అంత దూరం లాగకూడదన్నది ఆయన వాదన. ఇద్దరి మాటే నెగ్గింది, దస్తావేజు నిలవలేదు. పాఠ్యపుస్తకాలు ఈ కేసును రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి. నాకది అన్యాయంగా తోస్తుంది. ‘నేను చస్తాను’ అన్న మాటతో నెగ్గించుకున్న పెళ్ళిళ్ళు, పంపకాలు, హామీ సంతకాలు మన ఇళ్ళలో తక్కువా? ఆ మాటకు లొంగి పెట్టిన సంతకాన్ని కూడా ప్రశ్నించవచ్చని పద్దెనిమిదేళ్ళ పిల్ల తెలుసుకుంటే, అది పది మార్కుల జవాబు కంటే పెద్ద సంగతి.

ఇప్పుడు ఈ కేసులో కొత్త చిక్కు వచ్చింది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసిన 309వ సెక్షన్ అందులో లేదు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నాన్ని మాత్రమే నేరంగా ఉంచారు. మరి శేషమ్మ ఇవాళ కోర్టుకు వస్తే? తరగతిని రెండు పక్షాలు చేసి వాదించమంటాను. నన్నడిగితే 16వ సెక్షన్ దారిలో వెళ్ళాలి. ఎదుటివాళ్ళ మనసును శాసించగల స్థానంలో ఉన్నవాడు ఆ స్థానాన్ని వాడుకుని అన్యాయంగా లబ్ధి పొందితే, ఆ ఒప్పందాన్ని కాదనవచ్చు. కాకపోతే ఆ పెత్తనాన్నీ, ఆ అన్యాయాన్నీ రెంటినీ రుజువు చేయాలి. పని పెరుగుతుంది.

పిల్లలు పొరబడేది ఇంకొకటి ఉంది. బలవంతపు ఒప్పందం దానంతటదే రద్దయిపోతుందనుకుంటారు. కాదు. బలవంతానికి గురైనవాళ్ళు కాదనేదాకా అది బతికే ఉంటుంది. దస్తావేజు రద్దుకు దావా వేయడానికి, దావాకు ఆధారమైన సంగతులు తెలిసిన నాటి నుంచి మూడేళ్ళే గడువు. ఇంటి పరువని ఊరుకుంటే గడువు దాటుతుంది. అందుకే నోట్సులో చివర మరో విషయం కూడా రాయిస్తాను: జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు.