బ్లాకు టికెట్ల హీరో

బ్లాకులో టికెట్లమ్మేవాడు తెరమీద హీరో అయితే మనకెంత ముద్దో! 1960లో వచ్చిన ‘కాలా బజార్’లో దేవానంద్ ఆ పనే చేస్తాడు, తర్వాత మనసు మార్చుకుని మానేస్తాడు. మన రాంగోపాల్ వర్మ 1995లో తీసిన ‘రంగీలా’లో ఆమిర్ ఖాన్ అదే దందాతో నవ్విస్తాడు, మనమూ నవ్వేస్తాం. నటన బాగుంది, కాదనను. కానీ గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో పిల్లల్ని వెంటేసుకుని లేడీస్ క్యూలో నిలబడి, ‘హౌస్‌ఫుల్’ బోర్డు చూసి ఉసూరుమని వెనుదిరిగిన ఇల్లాలి కంటితో చూడండి. వాడు అమ్ముతున్నది టికెట్టు కాదు, ఆవిడ వంతు! వాడిదీ పొట్టకూటి బాధే, నిజమే. అందుకు ఆవిడ పోపులడబ్బాలో దాచుకున్న చిల్లరే దొరికిందా? అందుకే మానేసిన దేవానందే నాకు నచ్చాడు. ఎంతైనా, క్యూలో నిలబడ్డవాళ్ళం కదండీ మనం!