రోజుకో ఆకు

దారిలో నాణేలు కనిపించాయి. ఎవరివో తెలియదు. జేబులో వేసుకోవచ్చా, నలుగురినీ అడగాలా? చెల్లాచెదురుగా పడి ఉంటే తీసుకోవచ్చు. మూడు నాణేలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటే మాత్రం చాటి చెప్పాలి. ఆ పేర్పే ఒక ఆనవాలు. పోగొట్టుకున్నవాడు వచ్చి ఆ ఆనవాలు చెప్పి తన సొమ్ము తీసుకుపోగలడు.

యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముడ్‌లో బావా మెత్సియా అనే భాగం ఉంది. దాని రెండో అధ్యాయం నిండా ఇలాంటి ప్రశ్నలే. 2024 మార్చిలో ఆ అధ్యాయం వంతు వచ్చినప్పుడు జెరూసలేంలోనూ న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ ఎందరో ఒకే రోజు ఒకే పుట తెరిచారు. ఈ పద్ధతి పేరు ‘దఫ్ యోమి’. దఫ్ అంటే ఆకు. మన తాటాకు పుస్తకాల్లోలాగే రెండు వైపులూ కలిపి ఒక ఆకు. రోజుకొకటి చొప్పున 2,711 ఆకులు. ముగించడానికి దాదాపు ఏడున్నరేళ్లు పడుతుంది.

పోలండ్ మతగురువు రబ్బీ మెయిర్ షపీరో 1923లో వియన్నాలో జరిగిన యూదుల మహాసభలో ఈ ఆలోచన బయటపెట్టారు. అప్పటికి ఆయన వయసు 36. కొన్ని భాగాలనే అందరూ చదువుతున్నారు, మిగతావాటిని పట్టించుకునే నాథుడు లేడు అన్నది ఆయన బాధ. దూరదేశం వెళ్లిన యూదుడు ఏ ఊళ్లో దిగినా అక్కడివాళ్లూ తను చదివిన ఆకే చదువుతూ కనిపించాలన్నది ఆయన కోరిక. ఆ ఏడాది సెప్టెంబర్ 11న, యూదుల కొత్త సంవత్సరం రోజున, మొదటి ఆవృత్తి మొదలైంది. 2020 జనవరి 1న, 13వ ఆవృత్తి ముగింపు వేడుకకు న్యూజెర్సీలోని ఒక స్టేడియంలో దాదాపు 90 వేలమంది చేరారు.

తాల్ముడ్ ఆకును చేతిలోకి తీసుకుని చూడాలి. నడుమ మూలం: మిష్నా అనే పాత ధర్మసూత్రాలు, వాటి కింద వాటిమీద సాగే గెమారా చర్చ. లోపలి అంచున 11వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు రాషీ వివరణ. బయటి అంచున ఆయన మనవలూ వాళ్ల శిష్యపరంపరా లేవదీసిన అభ్యంతరాలు. మూలంలో అచ్చుల గుర్తులు లేవు, కామాలు లేవు. ఎక్కడ ప్రశ్న ముగిసిందో, ఎక్కడ జవాబు మొదలైందో చదివేవాడే పట్టుకోవాలి. వందల ఏళ్ల ఎడం ఉన్నవాళ్లంతా ఒకే కాగితం మీద ఒకరినొకరు ప్రశ్నించుకుంటూ ఉంటారు.

జీవితపాఠాలు ఏరుకుందామని వచ్చినవాడికి ఇక్కడ ముందుగా ఎదురయ్యేవి ఎద్దులు, గోడలు, అప్పులు, బలుల లెక్కలు. పాఠం ఆ వివరాల్లోనే ఉంది. ఉదాహరణకు, దొరికిన పుస్తకం. సొంతదారు వచ్చేదాకా దాన్ని ఏం చేయాలి? ముప్ఫై రోజులకోసారి తెరిచి చదవాలి. ఆ కాలపు పుస్తకం చుట్టగా ఉండేది కాబట్టి, చదవడం రానివాడైతే దాన్ని ఊరికే విప్పి చుట్టాలి. కానీ అందులోంచి కొత్త పాఠం నేర్చుకోకూడదు, ఎందుకంటే కొత్త పాఠానికి ఎక్కువసేపు తిప్పాలి, పుస్తకం నలుగుతుంది. దొరికిన బట్టను కూడా ముప్ఫై రోజులకోసారి దులపాలి. ఆరవేయవచ్చు, అది బట్ట బాగు కోసమే తప్ప ఊరందరికీ చూపించుకోవడానికి కాదు. పరాయి సొమ్మును ముట్టుకోకుండా అటకమీద పెట్టేస్తే చాలదని, దాన్ని బతికించి అప్పగించాలని ఇంత ఓపికగా చెప్పిన పుట ఇంకెక్కడైనా ఉందా?

అంతకన్నా లోతైన చిక్కు ఈ అధ్యాయం మొదట్లోనే వస్తుంది. పోగొట్టుకున్నవాడు ఆశ వదులుకుంటే వస్తువు దొరికినవాడిదవుతుంది. మరి పోయిందనే అతనికి ఇంకా తెలియకపోతే? తెలిస్తే ఎలాగూ ఆశ వదులుకునేవాడే కదా అంటాడు రావా అనే పండితుడు. తెలియని దానిమీద ఆశ వదులుకోవడం ఏమిటంటాడు అబాయే అనే మరో పండితుడు. వాదన పుటలు పుటలుగా సాగుతుంది. వీళ్లిద్దరి మధ్య తీర్పు సాధారణంగా రావా వైపే పోతుంది. అబాయే మాట నెగ్గిన కొద్దిపాటి సందర్భాల్లో ఇదొకటి.

ఇదంతా ఒక్క రోజులో అరగదు. ఒక్క పేరా మీద వారం కూర్చునే యెషివా అనే యూదు పాఠశాలల చదువు ముందు దఫ్ యోమి పరుగులాంటిదనే విమర్శ న్యాయమైనదే. అయితే ఈ పరుగులో ఇష్టమైనచోట ఆగడం, నచ్చనిది దాటేయడం కుదరవు. ఇంట్లో పెళ్లయినా చావయినా రేపటి ఆకు రేపు వస్తుంది. విడాకుల తర్వాత జెరూసలేంలో ఒంటరిగా ఉన్న ఇలానా కుర్షాన్ ఈ చదువు మొదలుపెట్టి ఆవృత్తి అంతా పూర్తిచేశారు. ఆ అనుభవాన్ని 2017లో పుస్తకంగా తెచ్చారు. చదువు ఆమె దుఃఖాన్ని మాయం చేయలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలిసే ఒక గుర్తు మాత్రం ఇచ్చింది.

పోయిన సొమ్ము గురించి అంత చర్చించిన బావా మెత్సియాలోనే, అరవై ఆకుల తర్వాత, రబ్బీ యోహనాన్ కథ వస్తుంది. రేష్ లకీష్ ఆయనకు చదువులో జంట, సోదరి భర్త, ఒకప్పటి దొంగ. కత్తులూ బాకులూ ఎప్పుడు తయారైనట్టు లెక్క అన్న వాదనలో యోహనాన్ ఆ పాత బతుకును ఎత్తిపొడిచాడు. మాట మాట పెరిగింది. రేష్ లకీష్ మంచం పట్టి చనిపోయాడు. యోహనాన్ దుఃఖం చూసి పండితులు ఎలాజార్ అనే మంచి చదువరిని జంటగా పంపారు. యోహనాన్ ఏం చెప్పినా, మీరన్నదానికి ఫలానా ఆధారం ఉందనేవాడు ఎలాజార్. నీ పొగడ్త నాకెందుకని యోహనాన్ ఏడ్చాడు. రేష్ లకీష్ ప్రతి మాటకూ 24 అభ్యంతరాలు తెచ్చేవాడు, తాను 24 జవాబులు వెతికేవాడు, విషయం అలా తేటపడేది. తనను ఎదిరించేవాడి కోసం పేరు పెట్టి పిలుస్తూ తిరిగి, చివరికి ఆయన మతి తప్పాడు. తప్పెవరిదో ఆ పుట తేల్చదు. మర్నాడు ఇంకో ఆకు.

ఇప్పుడు నడుస్తున్న 14వ ఆవృత్తి 2027 జూన్ 7న ముగుస్తుంది. ఒక్కో భాగం ముగిసినప్పుడల్లా ‘హద్రాన్’ చదువుతారు. నీ దగ్గరికి మళ్లీ వస్తామని ఆ గ్రంథానికే ఇచ్చే మాట అది. జూన్ 8న మళ్లీ మొదటి భాగం బెరాఖోత్ తెరుస్తారు. అందులో ఒకటో ఆకు ముఖపత్రానికి పోతుంది, చదువు రెండో ఆకుతో మొదలవుతుంది. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న, సాయంకాలపు షెమా ప్రార్థన ఏ వేళ నుంచి చదవవచ్చునని.