దత్తం అన్న మాట వెనుక

"1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి దత్తం చేశాడు." రాయలసీమ చరిత్ర పాఠాల్లో మనం తరచుగా చదివే వాక్యం ఇది. పిల్లలు బట్టీ పడతారు. మేమూ పట్టాం. తుమ్మలపల్లెలో కూర్చుని ఇప్పుడు మళ్లీ చదివితే ఒక ప్రశ్న అడ్డం పడుతోంది. ఇచ్చినవాడు నిజాం, పుచ్చుకున్నది కుంపిణీ. మరి చేతులు మారింది ఎవరు? ఇక్కడి చేన్లలో, గూడేల్లో బతికే మనుషులు. వాళ్లను అడిగినవాళ్లు లేరు. నిజాం దగ్గర కుంపిణీ ఉంచిన సైన్యం ఖర్చుకు బదులుగా పోయిన నేల ఇది. బాకీ తీర్చడానికి దానమని పేరు పెట్టారు.

1839లో కర్నూలు వంతు వచ్చింది. నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగుచేశాడన్న ఆరోపణతో ఆ రాజ్యాన్ని కుంపిణీ కలుపుకుంది. నవాబును తిరుచిరాపల్లికి పంపించడంతో పాఠం ముగుస్తుంది. మన కథ ఆ తర్వాతే మొదలవుతుంది. 1882 మద్రాసు అడవి చట్టం వచ్చాక, తేనెకూ గడ్డలకూ నల్లమలలో తిరిగే చెంచు తన అడవిలోనే అనుమతి అడగాల్సినవాడయ్యాడు. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చాక, ఎరుకల బిడ్డ పుట్టుకతోనే అనుమానితుడయ్యాడు. ఆ చట్టం దేశమంతటా 1952లో గానీ పూర్తిగా పోలేదు. రాజ్యం పోయిన తేదీ పుస్తకంలో ఉంది, అడవి పోయిన తేదీ లేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. జపాన్‌కు దక్షిణాన ర్యూక్యూ అనే చిన్న ద్వీప రాజ్యం ఉండేది. కొత్తగా ఆధునికమవుతున్న జపాన్ 1879లో పోలీసులనూ సైనికులనూ పంపి, రాజు షో తాయ్‌ను కోట ఖాళీ చేయించి టోక్యోకు తరలించింది. రాజ్యం ఒకినావా జిల్లా అయింది. ఈ పనికి అక్కడి అధికారులు పెట్టిన పేరు 'షోబున్'. వ్యవహారం తేల్చేయడమని దాని అర్థం. ఇక్కడ దత్తం, అక్కడ తేల్చివేత. రెండు మాటల్లోనూ మనుషులు కనబడరు.

కొత్త పాలన బళ్లు తెచ్చింది కదా అంటారు. తెచ్చింది. మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నదీ బడి చదువు వల్లే. కానీ ఒకినావా బళ్లలో సొంత భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్క బిళ్ల వేలాడదీసేవారు. మరో పిల్లవాడు ఆ తప్పే చేసి దొరికేదాకా అది వాడి మెడలోనే ఉండేది. ఎరుకల మాట, సుగాలి మాట తరగతిలో నోరు జారితే నవ్వే నవ్వు కూడా అలాంటి బిళ్లే.

తిరుగుబాటు పాఠాల్లోనూ ఇదే లోపం. 1846 అనగానే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు నిలుస్తుంది, నిలవాలి కూడా. వెంట నడిచారని జనం చెప్పుకునే బోయలు, చెంచులు మాత్రం 'అనుచరులు' అన్న ఒక్క మాటలో కలిసిపోతారు.

ఇవి పాత సంగతులనుకోవద్దు. ఇక్కడ యురేనియం గనికి భూములు పోయినప్పుడు విన్న మాట 'భూసేకరణ'. సేకరించినవాళ్లకు అది సేకరణ. పోగొట్టుకున్నవాళ్లు దాన్ని ఏమనాలి?

అయ్యవార్లకు మా మనవి ఒకటే. దత్తమండలాల పాఠం చెప్పిన రోజు, ఎవరు ఎవరికి ఇచ్చారో అడిగి ఊరుకోకండి. ఎవరిని ఇచ్చారో కూడా అడగండి. జవాబు పిల్లలను వాళ్ల ఇంటి మాటలో చెప్పనివ్వండి.