భవంతిని కదపకుండా ఇల్లు బాగు చేసుకోవడం

ధర్పల్లి చుట్టుపక్కల పాత ఇల్లు బాగు చేయిద్దామని మేస్త్రీని పిలిస్తే మొదట వినిపించే సలహా ఒక్కటే: కూలగొట్టి స్లాబు వేసుకోండి. గల్ఫ్ నుంచి పంపిన పైసలతో, పసుపుకు మంచి ధర పలికిన ఏడు చేతికొచ్చిన దానితో నిజామాబాద్ జిల్లాలో ఎన్నో ఇండ్లు అట్లాగే మారాయి. వాళ్లను తప్పుపట్టలేం. వానాకాలమంతా కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకుని బతకడం ఎవరికైనా విసుగే. కానీ తరాలుగా కాపురమున్న భవంతి ఇంటికి ఇంకో దారి ఉంది. లోపలి అమరికను ముట్టకుండా, ఇంట్లోవాళ్లు ఇంట్లో ఉండగానే, ఒక అర్ర అయ్యాక ఇంకో అర్ర బాగు చేసుకుంటూ పోవడం. మన పాత పనివాళ్లకు తెలిసిన పద్ధతి అదే.

గల్మ దాటి లోపలికి పోతే నడుమ ఆకాశానికి తెరిచిన ఖాళీ చోటు, అదే భవంతి. దాని చుట్టూ టేకు స్తంభాల మీద నిలిచిన పడసాల, వెనక అర్రలు, వంటిల్లు, గింజల గరిసె. గోదావరి జిల్లాల మండువా లోగిలి తీరు కూడా ఇదే. బయటి గోడలకు కిటికీలు తక్కువ కాబట్టి అర్రలకు వెలుతురూ గాలీ భవంతి నుంచే రావాలి. వేడెక్కిన గాలి అందులోంచి పైకి పోతుంది, రాత్రి చల్లదనం అందులోకే దిగుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే జిల్లా ఇది. కోతుల బాధ పడలేక చాలామంది ఆ ఖాళీని రేకులతో మూసేస్తారు. ఆ రోజు నుంచే అర్రల్లో పగలు కూడా లైటు వేయాల్సి వస్తుంది, ఉక్కపోత మొదలవుతుంది. కోతులను ఆపడానికి ఇనుప జాలీ సరిపోతుంది. గాలిని ఆపేది ఏదీ అక్కడ వేయకూడదు.

పని మొదలుపెట్టాల్సింది నీటి నుంచి. కప్పు మీది నీళ్లు ఎక్కడ దిగుతున్నాయి, భవంతిలో పడ్డ వాన ఏ మోరిలోంచి బయటికి పోతోంది, చూరు నీళ్లు గోడ మొదట్లో నిలుస్తున్నాయా? ఇవి చూడకుండా రంగులు వేయిస్తే డబ్బు దండగ. గూన పెంకులను మిరుగు రాకముందే ఏటేటా దించి, పగిలినవి మార్చి, మళ్లీ పేర్చేవాళ్లు. ఇప్పుడు ఆ గూన చేసే కుమ్మరులు తగ్గిపోయారు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మత సంస్థ వాళ్లు 1865లో మంగళూరులో మొదలుపెట్టిన మర పెంకులు వాడుకోవచ్చు. కాకపోతే వాటి బరువుకు వాసాలు ఆగుతాయో లేదో వడ్రంగి చేత చూపించుకోవాలి, కప్పు వాలు మాత్రం మార్చకూడదు.

మట్టి గోడ దగ్గరే పెద్ద పొరపాటు జరుగుతుంది. నెమ్ము కనపడగానే సిమెంటు పూస్తారు. నేలలోంచి ఎక్కిన తడి బయటికి ఆరే దారి లేక గోడలోనే ఇంకా పైకి పాకుతుంది. కొన్నేళ్లకు సిమెంటు పెచ్చు ఊడి, తనతోపాటు గోడ మట్టినీ లాక్కొస్తుంది. సున్నం అట్లా చేయదు, తడిని ఆరనిస్తుంది. గానుగ రాతి కింద ఇసుకతో కలిపి నూరిన డంగు సున్నం, బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ పోసి మాగబెట్టినది, గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. అందుకే తొందర పనికిరాదు. గోడ కింది భాగాన్ని నెమ్ము తినేసి ఉంటే గుంజలతో పైబరువు ఆపి, కొద్దికొద్దిగా తొలిచి, వరిగడ్డి కలిపి తొక్కిన మట్టితో నింపాలి. ఒకచోటు ఆరాకే పక్కచోటు ముట్టుకోవాలి.

స్తంభాన్ని బాగు చేసే పని చూసి తీరాల్సింది. పైనంతా ఇనుములా గట్టిగా ఉంటుంది, రాతి దిమ్మ మీద ఆనే అడుగు మాత్రం చివికిపోయి ఉంటుంది. ఆ జానెడు కోసం మొత్తం కర్రను పారేయనక్కర్లేదు. దూలం కింద గుంజలు బిగించి బరువు తీసేసి, చివికిన భాగాన్ని మెట్టులాగా కోస్తారు. ఆరిన పాత టేకు ముక్కను అదే మెట్టుకు సరిపోయేలా చెక్కి, రెండూ కరుచుకునేలా కలిపి, అడ్డంగా చెక్క సీల కొడతారు. ఇనుప మేకు వాడరు. అది తుప్పు పట్టి ఉబ్బితే కర్ర చీలుతుంది. అడుగు అతికిన ఆ స్తంభం మళ్లీ ఎన్నో ఏండ్లు బరువు మోస్తుంది. పాత కలప కొనేవాళ్లు వచ్చి స్తంభాలకూ దర్వాజలకూ రేటు కట్టినప్పుడు, ఇంట్లోవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కొత్త అవసరాలూ తీరాల్సిందే. ముసలివాళ్లకు రాత్రిపూట పెరట్లోకి పోవడం కష్టం. బాత్రూము ఇంటికి ఆనించి కట్టొచ్చు, కానీ దానికి సొంత ఇటుక గోడ ఉండాలి, మట్టి గోడకు నీళ్ల పైపు తగలకూడదు. కరెంటు వైర్లు గోడ తొలిచి దాచకుండా పైనుంచే చెక్క పట్టీల మీద తీసుకుపోవచ్చు. రెంటినీ కావాలంటే రేపు తీసేయొచ్చు, ఇల్లు దెబ్బతినదు.

ఈ పనితనం పూర్తిగా పోలేదు. 2016 దాకా మన జిల్లాలోనే ఉండి ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోకి వెళ్లిన దోమకొండ కోటను బాగు చేసినందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో గుర్తింపు దక్కింది. ఒక కుటుంబం సొంత కోట అది, ఇప్పుడు ఊరి కార్యక్రమాలకూ చోటిస్తోంది. కోటకు పనికొచ్చిన సున్నం రైతు ఇంటికీ పనికొస్తుంది.

చెదలకన్నా, వానకన్నా భవంతికి పెద్ద ముప్పు అన్నదమ్ముల పాళ్లు. కొలతలు సరిగ్గా రావాలని భవంతి నడుమ గోడ లేపుతారు. దాంతో ఇద్దరి అర్రల్లోనూ చీకటి పడుతుంది, మోరి ఒకరి వైపు పోయి రెండోవారి వైపు నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లే రెండు గోడలనూ తింటాయి. అర్రలు పంచుకోండి, పెరడు పంచుకోండి, కావాలంటే వెనక వైపు వేరే దర్వాజ పెట్టుకోండి. భవంతి, పడసాల, మోరి, గల్మ మాత్రం ఉమ్మడి అని పంపకాల కాగితంలో హద్దులతో సహా రాయించుకోవాలి. కప్పు మరమ్మతు ఖర్చు ఎవరెంత పెట్టాలో కూడా అందులోనే రాసి, రిజిస్ట్రేషన్ చేయించాలి. మేస్త్రీని పిలవడానికి ముందే ఆ పని కావాలి.