చేటలో వడ్లగింజ

మా పక్కింటి అమ్మాయి ఎమ్మెస్సీ సెమినార్‌కి గీసుకున్న బొమ్మ చూసి ఈ వారం నాకు చిరాకేసింది. ఎంఎస్2 వైరస్ పెంకులో ఒక్క ఆర్ఎన్ఏ హెయిర్‌పిన్ గీయాల్సిన చోట, ఒకదానికొకటి పోలిక లేనివి పది పన్నెండు గీసి, అన్నిటినీ ప్రోటీన్లకు తగిలించింది.

నా పాత మాట మీకు తెలుసు: కణంలో గుర్తుపట్టడమంటే చూపు కాదు, స్పర్శ. దానికి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఈ ఎంఎస్2నే. బాక్టీరియాని పట్టే వైరస్, దాని ఆర్ఎన్ఏ మొత్తం 3569 అక్షరాలు. అందులో 19 అక్షరాల ముక్క మడతపడి హెయిర్‌పిన్ అవుతుంది. తలదగ్గర నాలుగక్షరాల ఉచ్చు, కాడలో జత దొరక్క బయటికి పొడుచుకొచ్చిన ఒక 'ఎ'. పెంకు ప్రోటీన్లు రెండు జంటగా వస్తాయి. ఉచ్చులోని ఒక 'ఎ' ఒకదాని గుంటలో, కాడలోని 'ఎ' రెండోదాని గుంటలో దిగుతాయి. కాడలోది తీసేస్తే పట్టు దాదాపు పోతుంది.

ఇది చెప్పినప్పుడల్లా అమ్మ చెయ్యి గుర్తొస్తుంది. కరెంటు పోయినా బియ్యం ఏరడం ఆపేది కాదు. చేట ఒళ్లో పెట్టుకుని, గింజల్ని వేళ్లతో అంచుకి నెడుతూ, నాకు ఎక్కాలు ఒప్పజెప్పిస్తూ ఉండేది. బొటనవేలికి వడ్లగింజ గరుకు తగలగానే చెయ్యి ఆగేది, మాట ఆగేది కాదు. ఆ వేలిలాంటిదే ప్రోటీన్ అని ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాను.

సరిదిద్దుదామని అమ్మాయిని పిలిచాను. "తాతగారూ, 2017లో అచ్చయిన క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మలు చూడండి" అంటూ ఫోన్ చేతిలో పెట్టింది. నిండు వైరస్ లోపల పదికి పైగా హెయిర్‌పిన్లు పెంకుని అంటుకుని ఉన్నాయి. అక్షరాలు వేరు, ఆకారాలు కాస్త కాస్త వేరు. లీడ్స్‌లో పీటర్ స్టాక్లీ, యార్క్‌లో రీడున్ ట్వారాక్ ఏళ్లుగా చెబుతున్నదీ ఇదే: వదులు పట్లు చాలా కలిస్తేనే పెంకు సవ్యంగా కట్టుకుంటుందని.

అసలు, ఆ 19 అక్షరాల ఉచ్చులో ఒక 'యు'ని 'సి'గా మారిస్తే పట్టు ఎన్నో రెట్లు బిగుస్తుంది. వైరస్ మాత్రం 'యు'నే ఉంచుకుంది. ఇదీ నేను ఏటా చెప్పిన సంగతే. ఎందుకలా అని ఆగి అడగలేదు.

బొమ్మ అలాగే ఉంచమన్నాను.

చేట అంచున అమ్మ పోగేసిన కుప్పలో వడ్లగింజలొక్కటే ఉండేవి కావు. సగం పొట్టు ఊడినవి, ఎర్రగింజలు, కొన్ని మంచి బియ్యం కూడా. తెల్లారగానే వాటిని పెరట్లో కోళ్లకు చల్లేది.